ఖాళీ డ్రమ్ము అంత ఖాళీ కాదు: చమురు పీపా చికెన్ పొయ్యి ఎలా అయింది?

రోడ్డు వేసే చోట తారు కారుతూ ఒక ఇనుప డ్రమ్ము పడి ఉంటుంది, చూసే ఉంటారు. అపార్ట్‌మెంట్ కట్టే చోట నీళ్ళు పట్టి పెట్టేదీ అలాంటిదే. పెద్దవాళ్ళు పీపా అంటారు. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దాని గురించే. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, దాన్ని నిలువునా రెండుగా కోసి, మడతబందులు వేసి, కింద బొగ్గులు పోసి, పైన చికెన్ కాల్చుకోవడం అనే పని వెనక ఉన్న కథ గురించి.

ఫోన్లో డ్రమ్ బార్బెక్యూ అని కొట్టండి. వీడియోలే వీడియోలు. గ్రైండర్ సౌండు, వెల్డింగ్ మెరుపులు, చివర్లో పొగలు కక్కే లెగ్ పీసు. చాలా వాటిల్లో మొదటి మాట ఒకటే: "ఒక ఖాళీ డ్రమ్ము తీసుకోండి." ఆ "ఖాళీ" అన్న మాట నాకు భయం వేస్తుంది. ఆ మాటని నమ్మి మనుషులు కాలిపోయారు. ఆ విషయానికి వస్తాను, కానీ ముందు ఈ డ్రమ్ము ఎక్కడ పుట్టిందో చూద్దాం.

న్యూస్‌లో క్రూడాయిల్ బ్యారెల్ ఇన్ని డాలర్లు అంటారు కదా. ఆ బ్యారెల్, ఈ డ్రమ్ము ఒకటే అనుకుంటారు చాలామంది. ఒకటి కాదు. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, టైటస్‌విల్ అనే ఊళ్ళో ఎడ్విన్ డ్రేక్ బావి వేసి చమురు తీశాడు. చమురైతే వచ్చింది, దాన్ని పోయడానికి పాత్ర ఏది? చేతికి దొరికిన చెక్క పీపాలన్నీ వాడేశారు. తర్వాత కొన్నేళ్ళకి వ్యాపారులంతా 42 గ్యాలన్లు, అంటే దాదాపు 159 లీటర్లు, ఒక బ్యారెల్ అని లెక్క కుదుర్చుకున్నారు. ఆ చెక్క పీపా ఎప్పుడో పోయింది. లెక్క మాత్రం ఇంకా టీవీలో స్క్రోల్ అవుతూనే ఉంది. మన ఇనుప డ్రమ్ము వేరే సైజు: 55 అమెరికన్ గ్యాలన్లు, 208 లీటర్లు. మన దగ్గర రౌండ్ ఫిగర్‌గా 200 లీటర్ల డ్రమ్ము అంటారు.

ఇప్పుడు ఒక ఆవిడ ఎంటర్ అవుతుంది. పేరు నెల్లీ బ్లై. జర్నలిజం చదివిన వాళ్ళకి ఈ పేరు తెలుస్తుంది. 1887లో పిచ్చిదానిలా నటించి, న్యూయార్క్‌లో పిచ్చాసుపత్రిలో చేరి, లోపల ఆడవాళ్ళని ఎలా హింసిస్తున్నారో బయటపెట్టిన రిపోర్టర్. 1889లో బయల్దేరి 72 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టి వచ్చింది కూడా ఈవిడే. 1895లో తనకంటే చాలా పెద్దవాడైన రాబర్ట్ సీమన్ అనే ఫ్యాక్టరీ ఓనర్‌ని పెళ్ళి చేసుకుంది. ఆయన 1904లో చనిపోయాడు. బ్రూక్లిన్‌లో ఉన్న ఐరన్ క్లాడ్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీ ఈవిడ చేతికి వచ్చింది. అక్కడ రేకుతో పాల క్యాన్లు, బాయిలర్లు, అలాంటివి చేసేవాళ్ళు.

ఆ ఫ్యాక్టరీలో హెన్రీ వెర్‌హాన్ అనే ఆయన పనిచేసేవాడు. 1905 డిసెంబర్‌లో ఇనుప పీపా డిజైన్‌కి ఆయన పేరు మీద పేటెంట్లు వచ్చాయి. హక్కులు మాత్రం నెల్లీ బ్లైకి రాసిచ్చాడు. అందుకే నెట్‌లో చాలా చోట్ల "ఆయిల్ డ్రమ్ము కనిపెట్టింది నెల్లీ బ్లై" అని కనిపిస్తుంది. పాల క్యాన్‌కీ, చెత్త డబ్బాకీ ఆవిడ పేరు మీద పేటెంట్లు ఉన్న మాట నిజమే. డ్రమ్ము మీద ఉన్న పేరు మాత్రం వెర్‌హాన్‌ది. కంపెనీలో పనిచేసేవాడు ఒకటి కనిపెడితే హక్కు ఎవరికి వెళ్తుందో, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టిన వాళ్ళెవరికీ నేను విడిగా చెప్పక్కర్లేదు. పాపం ఆవిడకి కూడా లాభం నిలవలేదు. లోపలి ఉద్యోగుల లెక్కల మోసాల్లో కంపెనీ దివాలా తీసింది. 1914లో యూరప్ వెళ్ళి మళ్ళీ రిపోర్టర్‌గా యుద్ధం గురించి రాసింది.

ఈ డ్రమ్ములో తెలివంతా ఎక్కడుందో చెప్తాను. పక్క నుంచి చూస్తే చుట్టూ ఉబ్బెత్తుగా రెండు రింగులు ఉంటాయి. డ్రమ్ముని పడుకోబెడితే ఆ రెండు రింగుల మీదే దొర్లుతుంది. నూనె నిండిన డ్రమ్ము 180 కేజీల పైనే ఉంటుంది, ఎత్తడం ఒక్కడి వల్ల కాదు. దొర్లించడం మాత్రం ఒక్కడి వల్ల అవుతుంది. పైగా రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరే అయినా, ఆ రింగుల వల్ల గుండ్రటి షేప్ సొట్టపోకుండా నిలబడుతుంది. నిలువునా సగానికి కోసినా చాలావరకు నిలబడుతుంది. దొర్లించడానికి పెట్టిన రింగు, తర్వాత పొయ్యికి పక్కటెముక అయింది. వెర్‌హాన్ చికెన్ గురించి ఆలోచించి ఉంటాడని నేననుకోను.

డ్రమ్ముని ప్రపంచమంతా పరిచింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం. పసిఫిక్‌లో చాలా దీవుల్లో పైపులైన్లు లేవు. విమానాలకి, జీపులకి పెట్రోల్ చాలా చోట్ల డ్రమ్ముల్లోనే వెళ్ళింది. జపాన్ వైపు కూడా అంతే. 1942 చివర్లో గ్వాడల్‌కెనాల్ దీవిలో చిక్కుకున్న తమ సైనికులకి తిండి పంపడానికి, డ్రమ్ముల్లో సామాన్లు నింపి, తాళ్ళతో కట్టి, యుద్ధనౌకల మీద నుంచి రాత్రిపూట సముద్రంలోకి తోసేవాళ్ళు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఆ తాడు పట్టుకుని లాక్కోవాలి.

లోపలున్నది అయిపోయాక డ్రమ్ము ఏమవుతుంది? సముద్రం దాటించి వెనక్కి పంపే ఖర్చు చాలాసార్లు డ్రమ్ము ఖరీదు కంటే ఎక్కువ. అందుకని వచ్చిన చోటే గుట్టలుగా మిగిలిపోయేవి. కంపెనీకి అది చెత్త. అక్కడి జనానికి మంచి స్టీలు, దాదాపు ఫ్రీగా.

కరీబియన్‌లో ట్రినిడాడ్ దీవి ఉంది. అక్కడ చమురు బావులున్నాయి, అప్పట్లో రిఫైనరీ నడిచేది, యుద్ధం టైమ్‌లో అమెరికా నేవీ బేస్ కూడా వచ్చింది. డ్రమ్ములకి కొదవే లేదు. 1880లలో బ్రిటిష్ ప్రభుత్వం కార్నివాల్‌లో తోలు డప్పులు కొట్టకుండా కట్టడి చేసింది. జనం వెదురు బొంగులు నేలకి కొట్టి దరువు వేశారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, పెయింట్ డబ్బాలు వచ్చాయి. 1940లలో చమురు డ్రమ్ము అడుగుని సుత్తితో కొట్టి కొట్టి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికించారు. అదే స్టీల్‌పాన్. ఎల్లీ మానెట్ లాంటి వాళ్ళ చేతిలో పెరిగింది. ఇప్పుడది ట్రినిడాడ్ జాతీయ వాద్యం. దాని మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయొచ్చు, ఇవాళ మన సబ్జెక్ట్ తిండి కాబట్టి ఇంకో దీవికి వెళ్దాం.

జమైకా. బాబ్ మార్లీ, ఉసేన్ బోల్ట్ వాళ్ళ ఊరు. అక్కడ జర్క్ అనే వంట ఉంది. మాంసానికి ఘాటు మసాలా పట్టించి, పొగలో నిదానంగా కాల్చడం. దీని చరిత్ర తెలియకుండా డ్రమ్ము పొయ్యి అర్థం కాదు.

బార్బెక్యూ అన్న మాటే ఈ దీవుల్లోది. ఇక్కడి మూలవాసులు తైనో జనం. కర్రలతో మంచెలా కట్టి, కింద మంట పెట్టి, పైన మాంసం, చేపలు ఆరబెట్టేవాళ్ళు. ఆ మంచెని పిలిచే మాటని స్పెయిన్ వాళ్ళు బార్బకోవా అని రాసుకున్నారు. మాట బతికింది. స్పెయిన్ వాళ్ళు వచ్చిన కొన్ని దశాబ్దాల్లోనే, రోగాలతో, వెట్టిచాకిరీతో తైనో జనం చాలావరకు తుడిచిపెట్టుకుపోయారు.

1655లో ఇంగ్లీషు వాళ్ళు జమైకాని స్పెయిన్ నుంచి లాక్కున్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వాళ్ళలో కొందరు తప్పించుకుని కొండల్లోకి వెళ్ళిపోయారు. వాళ్ళనే మరూన్లు అంటారు. బ్లూ మౌంటెన్స్ అడవుల్లో దాక్కుని, బ్రిటిష్ సైన్యంతో దశాబ్దాలపాటు పోరాడారు. చివరికి 1739, 1740లలో బ్రిటిష్ వాళ్ళే దిగివచ్చి ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. ఆ అడవుల్లో దొరికేది అడవి పంది. ఉప్పు, మిరప, పిమెంటో గింజలు దట్టించి కాల్చేవాళ్ళు. పిమెంటో అంటే ఆల్‌స్పైస్: లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, మూడింటి వాసనా ఒకే గింజలో ఉంటుంది. పొగ పైకి లేస్తే సైన్యానికి జాడ తెలిసిపోతుందని, నేలలో గొయ్యి తీసి, ఆకులతో కప్పి కాల్చేవాళ్ళని జమైకాలో చెప్పుకుంటారు.

ఆ వంట కొండ దిగి రోడ్డు మీదకి వచ్చింది. పోర్ట్‌లాండ్ ప్రాంతంలో బోస్టన్ బే అనే చోటు జర్క్‌కి ఫేమస్. అక్కడి పద్ధతి ఏంటంటే, నిప్పుల మీద పచ్చి పిమెంటో కట్టెలు అడ్డంగా పేరుస్తారు. ఆ కట్టెలే జాలీ. వాటి మీద మాంసం, ఆ పైన జింకు రేకు కప్పుతారు. కింద నుంచి పిమెంటో పొగ, పైన రేకు కింద చిక్కుకున్న వేడి. రుచికి తిరుగులేదు. కాకపోతే దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేం. కింగ్‌స్టన్ లాంటి సిటీలో సాయంత్రం రోడ్డు పక్కన అమ్ముకోవాలనుకునే వాడికి గొయ్యి తవ్వే జాగా ఎక్కడిది?

వాడికి డ్రమ్ము దొరికింది. నిలువుగా కోస్తే కింది సగం గొయ్యి, పై సగం రేకు మూత. నాలుగు కాళ్ళు, ఒక పిడి. కావాలంటే చక్రాలు. మరూన్ల నాటి కొండ గొయ్యి ఇప్పుడు తోసుకుపోయే బండి. జమైకాలో దీన్ని జర్క్ పాన్ అంటారు, దీని మీద కాల్చింది పాన్ చికెన్. కింగ్‌స్టన్‌లో రెడ్ హిల్స్ రోడ్ దీనికి పేరుమోసింది. చీకటి పడితే వరసగా డ్రమ్ములు, పొగ, గట్టి బ్రెడ్డు ముక్కలు, స్కాచ్ బోనెట్ మిరపతో చేసిన సాస్. గుంటూరు వాళ్ళు ఫీల్ అవ్వొద్దు గానీ, ఆ మిరప మన గుంటూరు సన్నం కంటే కనీసం రెండు మూడు రెట్లు ఘాటు.

బొగ్గుల మీద డ్రమ్ములో చేసింది అసలు జర్క్ కాదు, పిమెంటో కట్టె లేకపోతే జర్కే లేదు అనే వాళ్ళూ ఉన్నారు. రుచి విషయంలో వాళ్ళ మాట కరెక్టే అయ్యుండొచ్చు. నేను మాత్రం డ్రమ్ము వైపే ఉంటాను. దాక్కోవడానికి పుట్టిందని చెప్పే వంట, నడిరోడ్డు మీద పొగ లేపుతూ అందర్నీ రమ్మని పిలిచింది ఈ డ్రమ్ము వల్లే. మీరు ఎప్పుడైనా ఆగస్టు చివర్లో లండన్‌లో ఉంటే నాటింగ్ హిల్ కార్నివాల్‌కి వెళ్ళండి. అక్కడ ఒకే వీధిలో ఒక డ్రమ్ము స్టీల్‌పాన్ అయి పాట పాడుతుంది, పక్కనే ఇంకో డ్రమ్ము చికెన్ కాలుస్తుంది.

ఒక పోలిక చెప్పి ముందుకెళ్తా. 1952లో చికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన రేకు పని చేసే కంపెనీలో ఉండేవాడు. సముద్రంలో తేలే ఇనుప బోయాలు అక్కడ తయారయ్యేవి. గుండ్రటి బోయాని సగానికి చేసి, కింది సగం పొయ్యి, పై సగం మూత చేశాడు. అదే వెబర్ గ్రిల్, ఇప్పుడు ప్రపంచమంతా అమ్మే బ్రాండ్. జమైకా వాడు చేసిందీ సేమ్ లాజిక్. జర్క్ పాన్ మీద మాత్రం ఏ బ్రాండూ ఉండదు, పేటెంట్ నంబరూ ఉండదు. మా వీధి చివర వెల్డింగ్ షాపులో గేటు చేసే అన్నలాంటి వాళ్ళే ఊరూరా చేశారు.

లాజిక్ ఏంటంటే, మొత్తం గాలి ఆట. మూత తెరిచి ఉంటే బొగ్గుకి గాలి ఎక్కువ అందుతుంది, మంట లేస్తుంది, చికెన్ పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మూత వేసి, కింద పక్కన చిన్న కంత, పైన రెండో కొసన చిన్న గొట్టం పెడితే, గాలి ఎంత రావాలో మీ చేతిలో ఉంటుంది. కింది కంత మూస్తే వేడి తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. డ్రమ్ము అడ్డకొలత సుమారు 57 సెంటీమీటర్లు. కోసిన అంచు దగ్గర జాలీ పెడితే, అడుగున ఉన్న బొగ్గుకీ మాంసానికీ మధ్య దాదాపు ఒక జానెడు దూరం వస్తుంది. నిదానంగా కాలడానికి సరిపోయే దూరం. కొవ్వు కరిగి నిప్పుల మీద పడి ఆవిరై, పొగ రూపంలో మళ్ళీ మాంసానికే పడుతుంది. ఆ వాసన గ్యాస్ స్టవ్ మీద రాదు.

ఇప్పుడు "ఖాళీ" దగ్గరికి వద్దాం.

బెంజమిన్ లీ వోర్ఫ్ అని ఒక అమెరికన్. ఎమ్‌ఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఉద్యోగం హార్ట్‌ఫర్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీలో, అగ్నిప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో చూసే పని. పిచ్చి మాత్రం భాషల మీద. 1939లో రాసిన ఒక వ్యాసంలో తన ఉద్యోగంలో చూసిన సంగతి చెప్పాడు. పెట్రోల్ నిండిన డ్రమ్ముల దగ్గర జనం చాలా జాగ్రత్తగా ఉంటున్నారు. ఖాళీ పెట్రోల్ డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి సిగరెట్ కాలుస్తున్నారు, పీకలు పడేస్తున్నారు. ఎందుకంటే దాని పేరు ఖాళీ. మాట మనల్ని ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ అది. భాషే ఆలోచనని నడిపిస్తుంది అనే ఆయన పెద్ద సిద్ధాంతంతో తర్వాత వచ్చిన చాలామంది విభేదించారు. ఈ చిన్న ఉదాహరణ మాత్రం ప్రతి వెల్డింగ్ షాపులో గోడకి అంటించాల్సిందే.

నిండు డ్రమ్ములో మండడానికి చాలినంత గాలే ఉండదు. ఖాళీ డ్రమ్ములో రెండూ ఉంటాయి. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే అది పేలే మిశ్రమం. లెక్క వేద్దాం: 200 లీటర్ల డ్రమ్ములో 2 శాతం అంటే 4 లీటర్ల ఆవిరి. దానికి కావలసిన ద్రవ పెట్రోల్ ఓ 20 మిల్లీలీటర్లు. అంటే నాలుగు టీస్పూన్లు! డ్రమ్ము తిరగేసి పూర్తిగా ఒంపేశాం అనుకున్నా, మూత చుట్టూ ఉన్న మడతలో అంతకంటే ఎక్కువే నక్కి ఉండొచ్చు. నీళ్ళతో ఒకసారి కడిగితే అది బయటికి రాదు. గ్యాస్ కట్టర్ పెట్టినా, గ్రైండర్ రవ్వ లోపలికి వెళ్ళినా, డ్రమ్ము పైమూత ఎగిరిపోతుంది. ఎదురుగా ఉండేది కోసేవాడి ముఖం. డీజిల్ మామూలుగా అంత ఆవిరి కాదు కదా అనిపించొచ్చు. కట్టర్ వేడికి అక్కడికక్కడే ఆవిరవుతుంది.

అందుకని పెట్రోల్, థిన్నర్, సాల్వెంట్, పురుగుమందు, ఏం పోశారో తెలియని డ్రమ్ము, వీటిలో ఏదైనా ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు. స్క్రాప్ షాపు భయ్యా "కడిగేశాం తమ్ముడూ" అంటాడు. అయినా వద్దు. వీడియో తీసే మనకి వ్యూస్, కోసే అన్నకి మూడు నాలుగు వందల కూలీ. రిస్కు మాత్రం మొత్తం ఆయనదే.

మరి ఏ డ్రమ్ము? మన దగ్గరే మంచి సమాధానం ఉంది. చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి. ఆ గుజ్జుని 200 కేజీల పైగా పట్టే స్టెరైల్ బ్యాగుల్లో నింపి, ఆ బ్యాగుని ఇనుప డ్రమ్ములో పెట్టి విదేశాలకి పంపుతారు. గుజ్జు బ్యాగులోనే ఉంటుంది, డ్రమ్ముకి తగలదు. జ్యూస్ కంపెనీలు బ్యాగు ఖాళీ చేశాక మిగిలే అలాంటి డ్రమ్ము దొరికితే, అది మామిడిపండు తప్ప ఏమీ మోయలేదని పక్కాగా తెలిస్తే, తీసుకోండి. లోపల రంగులాంటి పూత ఉందేమో చూడండి. ఉంటే వంటకి ముందు ఇళ్ళకి దూరంగా, ఆరుబయట, కట్టెలతో గట్టి మంట పెట్టి పూర్తిగా కాల్చేయాలి. ఆ పొగ పీల్చొద్దు. తర్వాత తీగ బ్రష్‌తో లోపలా బయటా గీకి, కడిగి, వంటనూనె పల్చగా రాసి మళ్ళీ వేడి చేయాలి. ఇనప పెనం కొత్తగా కొన్నప్పుడు అమ్మమ్మలు చేసేదే. జాలీకి గానీ, లోపలి స్క్రూలకి గానీ జింకు పూత ఉన్నది వాడొద్దు, బాగా వేడెక్కితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది.

అన్నట్టు డ్రమ్ము పొయ్యి మనకేం కొత్త కాదు. హైదరాబాద్‌లో తందూరీ రోటీ చేసే హోటల్ బయట నిలబడి చూడండి. మట్టి తందూర్ చుట్టూ చాలా చోట్ల ఉండేది ఇదే డ్రమ్ము. మట్టి కుండని లోపల దించి, మధ్య ఖాళీలో మట్టో ఇసకో కూరుతారు. జమైకాలో రేకే పొయ్యి. ఇక్కడ రేకు గోడ మాత్రమే, వేడిని పట్టుకునేది మట్టి. అందుకే తందూర్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

డ్రమ్ము బార్బెక్యూ అన్నేళ్ళు రాదు, ఆ సంగతి ముందే తెలుసుకోండి. ఒక మిల్లీమీటరు రేకు నిప్పుల కింద ఎన్నాళ్ళని ఉంటుంది? ముందు పోయేది అడుగే. బూడిదకి తేమ తగిలితే రేకుని తినేస్తుంది, కాబట్టి వండిన మర్నాడే బూడిద ఎత్తేయాలి, వానలో వదిలేయకూడదు. అడుగున ఇసక పరిస్తే ఇంకొంత కాలం వస్తుంది. చిల్లు పడ్డాక మడతబందులు, జాలీ, కాళ్ళు విప్పి పక్కన పెట్టుకోండి, అవి ఇంకో డ్రమ్ముకి పనికొస్తాయి. మిగిలిన రేకు కేజీల లెక్కన పాత సామాన్ల వాడికి.